రంగులకు కొలువులు

“అన్నా, ఫోన్లో చూసినప్పుడు నెమలి మెడ మాదిరి ఉండె. ఇప్పుడేంది, ఉతికి ఉతికి వెలిసిపోయిన లుంగీ మాదిరి వచ్చె?”

ఆరేడేళ్ల కిందట ఒక బట్టల కొట్టాయన నిచ్చెన పక్కన నిలబడి నన్ను అడిగిన మాట ఇది. బోర్డు అప్పటికే గోడకెక్కింది. రంగులు నేను ఎంచినవే. ఇంటర్నెట్‌లో ఒక టూల్ తెరిచాను, ఐదు రంగుల వరుస ఒకటి నచ్చింది, దాన్నే పెట్టి డిజైన్ చేసి వాట్సాప్‌లో పంపితే ఆయన బొటనవేలు గుర్తు పెట్టాడు. ప్రింటింగ్ వాళ్ల తప్పేమీ లేదు, నేను పంపిన ఫైలునే వాళ్లు అచ్చేశారు. టూల్‌నూ తిట్టలేను, అందమైన రంగులే ఇచ్చింది. బోర్డు మళ్లీ వేయించిన ఖర్చు నా జేబులోంచి పోయింది. ఆ డబ్బు పెట్టి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను, మీరు ఉచితంగా నేర్చుకోవచ్చు.

మా కొత్తపల్లెకు ఒక దిక్కున నంద్యాల, ఇంకో దిక్కున ఆళ్లగడ్డ. పని రెండు వైపుల నుంచీ వస్తుంది. అంగడి బోర్డులు, పెండ్లి పత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, విత్తనాల సంచులు, తిరునాళ్ల కరపత్రాలు. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయ్యాక నా పనిలో కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, వాటి ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు కూడా చేరాయి. ఇలాంటి ఊళ్లలో ఒక కంప్యూటరు, ఒక ఫోను పెట్టుకుని డిజైన్ పని చేసుకునే కుర్రాళ్లు, ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది రంగుల పాఠం బళ్లో చదివినవాళ్లు కారు. కోరల్‌డ్రా, ఫొటోషాప్ ఎవరి పక్కనో కూర్చుని నేర్చుకున్నారు. రంగులు ఎంచే టూళ్లు వాళ్లకు నిజంగానే పెద్ద ఆసరా. కాకపోతే ఆ టూల్ రంగులిచ్చి ఊరుకుంటుంది. ఏ రంగును ఏ పనికి పెట్టాలో చెప్పదు. ఆ కొలువులు పంచడమే మన ఉద్యోగం.

టూల్ తెరవకముందు

ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. దీన్ని ఎక్కడ చూస్తారు? ఎంత దూరం నుంచి చూస్తారు? దేని మీద అచ్చవుతుంది?

పెండ్లి పత్రికను చేతిలో పట్టుకుని, నీడలో కూర్చుని చదువుతారు. మా దారిలో నలభయ్యో నంబరు జాతీయ రహదారి పక్కన కట్టిన ఫ్లెక్సీని బస్సు కిటికీలోంచి రెండు మూడు సెకన్లలో చదవాలి, అదీ మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో. ఇన్‌స్టాగ్రామ్ పోస్టును రాత్రి పడుకుని వెలుతురు తగ్గించిన ఫోన్లో చూస్తారు. ఈ మూడింటికీ ఒకే ఐదు రంగులు పనికిరావు. బోర్డు పనివాళ్లకు ఒక మోటు లెక్క ఉంది: అంగుళం ఎత్తు అక్షరాన్ని పది అడుగుల నుంచి హాయిగా చదవొచ్చు. దూరం పెరిగేకొద్దీ అక్షరం పెరగాలి, నేలకూ అక్షరానికీ మధ్య తేడా కూడా పెరగాలి.

ఏ టూల్ దేనికి

పేర్లు చాలా ఉన్నాయి. రోజువారీ పనికి నాలుగైదు చాలు.

చేతిలో ఒక రంగు ఖాయంగా ఉన్నప్పుడు అడోబీ కలర్ తెరవండి. కొట్టు పాత బోర్డులోని ఎరుపు మార్చేది లేదు అన్నారనుకోండి. ఆ ఎరుపును చక్రంలో పెడితే దాని పక్కింటి రంగులు, ఎదురింటి రంగు, మూడు మూలల రంగులు, దానివే ముదురు లేత ఛాయలు చూపిస్తుంది. ఫొటో ఇస్తే అందులోంచి రంగులు తీసిస్తుంది. నేను ఎక్కువగా వాడేది ఈ రెండో పనికే.

ఏమీ తోచనప్పుడు కూలర్స్ మంచిది. స్పేస్‌బార్ నొక్కితే ఐదు కొత్త రంగులు వస్తాయి. నచ్చినదానికి తాళం వేసి మళ్లీ నొక్కితే మిగతావి మాత్రమే మారతాయి. ఇందులో ఒక ప్రమాదం ఉంది, నొక్కుతూనే కూర్చుంటాం. పదిహేను నిమిషాలు దాటితే ఆపేయాలని నేను గీత గీసుకున్నాను. కలర్ హంట్‌లో నాలుగేసి రంగుల వరుసలు తయారుగా ఉంటాయి, ఫోన్ పోస్టులకు చాలు. ప్యాలెటన్‌లో రంగుచూపు లోపం ఉన్నవాళ్లకు మన రంగులు ఎలా కనిపిస్తాయో కూడా చూసుకోవచ్చు.

మండలాల వారీ పటమో, దిగుబడి పట్టికో వేయాల్సి వస్తే కలర్‌బ్రూవర్ వాడండి. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో పటాల శాస్త్రం చెప్పిన సింథియా బ్రూవర్ పరిశోధనతో పుట్టింది. ఫొటోకాపీ తీసినా తేడా తెలిసే రంగులేవో అందులో విడిగా అడగొచ్చు. ఆఫీసు పనుల్లో చివరికి అందరి చేతికీ వచ్చేది జిరాక్సే కాబట్టి ఇది చిన్న సౌకర్యం కాదు.

అక్షరం కనబడుతుందా లేదా అని తూచే పనికి వెబ్‌ఎయిమ్ కాంట్రాస్ట్ చెకర్ ఉంది. అమెరికాలోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన సంస్థ నడుపుతోంది. ఈ జాబితాలో ఒక్కటే మిగుల్చుకోమంటే నేను దీన్నే మిగుల్చుకుంటాను.

నేల, మాట, కేక

టూల్ ఇచ్చిన ఐదు రంగులనూ ఐదు సమాన భాగాలుగా వాడడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. నేను వాటికి మూడు కొలువులు పెట్టుకున్నాను. నేల రంగు పరుచుకుని ఉంటుంది. మాట రంగు చదివిస్తుంది. కేక రంగు ఒక్కచోట నిలబడి పిలుస్తుంది. ఇళ్ల లోపలి అలంకరణ చేసేవాళ్లు చెప్పే 60–30–10 లెక్క ఇక్కడ బాగా కుదురుతుంది. నూటికి అరవై పాళ్లు నేల, ముప్పై మాట, పది కేక. కేక రంగు ఇరవై దాటితే అది కేక కాదు, సంతలో గోల.

ఒక లెక్క చేసి చూద్దాం. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పండ్లు పంపే అట్టపెట్టెకు డిజైన్ చేయాలనుకోండి. చక్రం దగ్గరకు వెళ్లకండి, తోటకు వెళ్లండి. ఉదయం ఎండలో ఆకుల మధ్య పండును ఫొటో తీసి టూల్‌లో వేయండి. పండు పసుపు, ముదురు ఆకుపచ్చ, తొడిమ దగ్గరి లేత వెన్న రంగు వస్తాయి. ఉదాహరణకు వెన్న రంగు ఎరుపు 255, ఆకుపచ్చ 248, నీలం 231. ముదురు ఆకుపచ్చ 31, 77, 43. పసుపు 245, 184, 46.

ఇప్పుడు వీటిని జతలుగా కాంట్రాస్ట్ చెకర్‌లో తూచండి. అంకె ఎంత పెద్దదైతే అక్షరం అంత బాగా కనబడుతుంది. వెన్న నేల మీద ముదురు ఆకుపచ్చ అక్షరానికి కాంట్రాస్ట్ 9కి పైనే ఉంటుంది. బ్రహ్మాండంగా చదవొచ్చు. అదే వెన్న నేల మీద పసుపు అక్షరం పెడితే 1.7 దగ్గర ఆగిపోతుంది, కంటికి ఆనదు. ముదురు ఆకుపచ్చ పట్టీ మీద అదే పసుపు పెడితే 5.4 దాటుతుంది. కొలువులు అక్కడే తేలిపోయాయి. పెట్టెకు వెన్న నేల, వివరాలకు ఆకుపచ్చ మాట, పేరు రాసే ఆకుపచ్చ పట్టీ మీద మాత్రమే పసుపు కేక. మూడు రంగులూ ఒకే చెట్టువి. వాటిని తప్పు చోట పెడితే రైతు పేరే కనబడకుండా పోయేది.

ఆళ్లగడ్డ శిల్పుల పనికి లెక్క వేరు. వాళ్ల రాతి విగ్రహాలు నల్లగా, బూడిద రంగులో ఉంటాయి. అలాంటి విగ్రహం ఫొటోను మెరుపు కోసం నల్లటి నేల మీద పెట్టినవాళ్లను చూశాను. భుజం ఎక్కడ అయిపోయిందో, చీకటి ఎక్కడ మొదలైందో తెలియదు. ఉలి చెక్కిన అంచే ఆ పనికి ప్రాణం. నేలను లేత ఇసుక రంగులో పెట్టండి, మాటను రాతి ముదురు రంగులో రాయండి, కేకకు కుంకుమ చుక్కంత ఎరుపు చాలు. మిగతాదంతా రాయి చూసుకుంటుంది.

రంగు పక్క రంగును బట్టి మారుతుందన్న సంగతి నేతగాళ్లకు ఎప్పుడో తెలుసు. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్ గోబెలిన్ నేతశాలలో నలుపు దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదు వచ్చింది. అద్దకం చూసుకునే రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రెల్ దారాన్ని పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగులే దాన్ని వెలవెలబోయేట్లు చేస్తున్నాయి. దాని మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే అచ్చేశాడు. అంత దూరం ఎందుకు, ధర్మవరం పట్టుచీరను కాస్త వంచి చూడండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, కంటికి కనబడేది మూడో రంగు. అందుకే టూల్‌లో విడివిడి గళ్లలో చూసి రంగు ఖాయం చేయకండి. మీ డిజైన్‌లో, దాని పక్క రంగుతో కలిపి చూశాకే సరే అనండి.

వొత్తు కనబడాలి

కాంట్రాస్ట్ కొలత 1 నుంచి 21 దాకా ఉంటుంది. తెలుపు మీద తెలుపు 1, తెలుపు మీద నలుపు 21. వెబ్‌సైట్ల కోసం పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం చిన్న అక్షరానికి కనీసం 4.5, పెద్ద అక్షరానికి 3 ఉండాలంటుంది. అవి తెరల కోసం రాసినవి. తెలుగు బోర్డుకు నేను 7కు తగ్గను.

కారణం మన లిపిలోనే ఉంది. ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో నిలబడుతుంది. మనకు పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి, కింద వొత్తులు ఉంటాయి, అవన్నీ అసలు అక్షరం కన్నా చిన్నవి, సన్నవి. అహోబిలం దగ్గరి ఊళ్లం కాబట్టి మా దగ్గర ప్రతి వీధిలోనూ శ్రీ లక్ష్మీ నరసింహ పేరున ఒక అంగడి ఉంటుంది. ‘లక్ష్మీ’లో క్షకారం, దాని కింద మకారం వొత్తు, పైన గుడిదీర్ఘం. కాంట్రాస్ట్ తగ్గితే ముందు మాయమయ్యేవి ఇవే.

మా వైపు బాగా అడిగే జతల్ని ఒకసారి తూచాను. మామూలు ముదురు ఆకుపచ్చ మీద నికార్సయిన ఎరుపు అక్షరానికి వచ్చింది 1.3. రెండూ కొట్టుకొచ్చే రంగులే, అయినా వెలుగులో దాదాపు సమానం కాబట్టి అక్షరం నేలలో కలిసిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని చూపు ఉన్నవాళ్లకైతే అక్కడ అక్షరం ఉన్నట్లే తెలియకపోవచ్చు. ఎరుపు మీద పసుపుకు 3.7. ఎరుపు మీద తెలుపుకు 4. అదే ఎరుపును మెరూన్ దాకా ముదర పెట్టి పసుపు రాస్తే 10 దాటింది. నేవీ నీలం మీద పసుపు 15కు దగ్గర. కస్టమర్ ‘ఎరుపు, పసుపే కావాల’ అన్నప్పుడు కాదనక్కర్లేదు. ఎరుపును పసుపు కుంకుమల్లోని కుంకుమ దాకా ముదర పెట్టండి. ఆయన అడిగిందీ ఉంటుంది, వొత్తూ కనబడుతుంది.

టూల్ అందుబాటులో లేకపోతే ఇంటి చిట్కాలు రెండు. డిజైన్‌ను నలుపు తెలుపులోకి మార్చి చూడండి, అక్షరం కనబడితే సరే. ఫోన్లో దాన్ని తపాలా బిళ్లంత చిన్నది చేసి, చెయ్యి చాచి పట్టుకుని, కళ్లు సగం మూసి చూడండి. రోడ్డు అవతలి మనిషికి అంతే కనబడుతుంది.

వెలుగు వేరు, సిరా వేరు

నా నెమలి మెడ లుంగీ ఎందుకయిందో ఇప్పుడు చెబుతాను. ఫోన్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని కలిపి రంగు చూపిస్తుంది. ఒక్కోదానికి 256 మెట్లు, మొత్తం 1,67,77,216 రంగులు. ఫ్లెక్సీ యంత్రంలో ఉండేవి సయాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాలు. వెలుగు తానే మెరుస్తుంది, సిరా తన మీద పడిన వెలుగులో కొంత మింగి మిగతాది తిరగ్గొడుతుంది. అందుకే మెరిసే నీలాలు, చిలకపచ్చలు, ఊదాలు, నారింజలు చాలావరకు సిరాకు అందవు. యంత్రం తనకు అందినంతలో దగ్గరి రంగు వేసి చేతులు దులుపుకుంటుంది. టూళ్లు చూపించేవన్నీ వెలుగు రంగులే. మన ఫోన్లు వాటిని ఇంకాస్త మెరిపించి చూపిస్తాయి.

దీనికి మందు ఒకటే: అచ్చు ముక్క. ఫ్లెక్సీ రోల్ వెడల్పులో మన పని పోగా పక్కన కాస్త మిగులుతుంది. ప్రింటింగ్ వాళ్లను బతిమాలి ఆ చోట మీరు తరచుగా వాడే నలభై రంగుల్ని చిన్న గళ్లుగా, ప్రతి గడి కింద దాని సిరా అంకెలతో అచ్చేయించుకోండి. మీరు పని ఇచ్చే ప్రతి యంత్రానికీ ఒక ముక్క. వెనక తేదీ, యంత్రం గుర్తు రాసుకోండి. నంద్యాలలో ఒక యంత్రం వేసిన మెరూన్, ఆళ్లగడ్డలో ఇంకో యంత్రం వేసిన మెరూన్ అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ కవలల్లా ఉండవు. అప్పట్నుంచి రంగును తెర మీద చూసి కాకుండా ముక్క మీద చూసి ఎంచండి.

ఇంకో రెండు మాటలు. పత్రికల్లో, కరపత్రాల్లో చిన్న అక్షరాలకు నాలుగు సిరాలూ కలిపిన నలుపు పెట్టకండి, ఒక్క నలుపు సిరానే 100 పెట్టండి. నాలుగు ముద్రలూ వెంట్రుక వాసి జరిగినా వొత్తుల చుట్టూ రంగుల నీడ పడుతుంది. ఏళ్ల తరబడి ఎండలో ఉండాల్సిన బోర్డుకైతే ఒక్క ఎరుపు మీదే ఆధారపడకండి. మజెంటా, పసుపు సిరాలు ఎండకు ముందుగా వెలిసిపోతాయి. రోడ్డు పక్క పాత ఫ్లెక్సీల్లో మనుషులందరూ నీలంగా మిగిలిపోవడం మీరు చూసే ఉంటారు.

టూల్‌కు తెలియని ఊరు

ఈ టూళ్లు ఎక్కడో తయారైనవి. మన వీధి సంగతులు వాటికి తెలియవు. పెండ్లి పత్రికకు నలుపు, బూడిద కలిపి ‘రాయల్’ వరుస అంటూ ఒకటి ఇస్తాయి. అది తీసుకుపోయి పెద్దావిడకు చూపించండి, పత్రికతోపాటు మిమ్మల్నీ బయట పెడుతుంది. రంజాన్ శుభాకాంక్షలకు, క్రిస్మస్ బ్యానరుకు, వర్ధంతి ఫ్లెక్సీకి అలవాటైన రంగులు ఉన్నాయి. వాటిని దాటాలంటే ఇంటివాళ్లను అడిగి దాటాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పార్టీ రంగులతో. మన రాష్ట్రంలో పంచాయతీ కార్యాలయాలకు అప్పటి అధికార పార్టీ రంగులు వేసిన గొడవ హైకోర్టుకెక్కింది. తీసేయమని కోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే అక్కడా 2020 జూన్‌లో చుక్కెదురైంది. గోడ రంగు సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చోట మనం అంగడి బోర్డు చేస్తున్నాం. అన్ని పార్టీల వాళ్లూ సరుకు కొనుక్కునే కిరాణా కొట్టుకు కూలర్స్ ఇచ్చిన రెండు రంగులు ఏదో ఒక జెండాలా ఉంటే యజమానికి రోజూ సంజాయిషీ. డిజైన్ అయ్యాక ‘ఇది ఏ జెండానైనా గుర్తు చేస్తుందా’ అని పక్కవాళ్లను ఒకసారి అడగండి. చేస్తే మూడో రంగు పెంచండి, లేదా నేల రంగు మార్చండి.

కస్టమర్ ముందు

ఆరు రకాలు చూపిస్తే ఆయన ఆరింటి నుంచీ ఒక్కో ముక్క కోసి ఏడోది చేయమంటాడు. రెండే చూపించండి. ఒకటి ఆయన అడిగిన రంగుల్లో, ఒకటి మీరు సరైనదనుకున్న రంగుల్లో. ‘ఇది బాగుంది సార్’ అంటే వాదన అవుతుంది. బోర్డు కట్టే గోడ ఫొటోలో రెండింటినీ పెట్టి, ‘ఆ టీకొట్టు కాడ నుంచి చూస్తే ఏది చదవగలం సార్?’ అని అడగండి. ఆయనే చెబుతాడు.

‘మెరవాల’ అనే మాటను తేలిగ్గా తీసుకోకండి. అలా అడిగినవాళ్లు ఎక్కువ రంగులు కోరుతున్నారని అనుకుంటాం. నా అనుభవంలో ఎక్కువసార్లు వాళ్లు కోరేది పేరు ముందుగా కంటపడాలని. నేలను నెమ్మది చేసి పేరును పెంచితే సగంమంది తృప్తిపడ్డారు.

పని ఒప్పుకున్నాక ఈ వరుస తప్పకండి.

1. చూసే చోటు, దూరం, అచ్చు యంత్రం రాసుకోండి.
2. వస్తువు ఫొటో నుంచో, ఖాయమైన ఒక రంగు నుంచో టూల్‌లో మొదలుపెట్టండి.
3. వచ్చిన రంగుల్లో నేల, మాట, కేక ఏవో తేల్చండి. కొలువు దొరకని రంగును తీసేయండి.
4. ప్రతి అక్షరం జతనూ కాంట్రాస్ట్ చెకర్‌లో తూచండి.
5. అచ్చు ముక్క మీద దగ్గరి రంగు చూసి ఆ సిరా అంకెలే ఫైల్లో వేయండి.
6. ఊరి అలవాట్లు, జెండాలు సరిచూసుకోండి.
7. ఒప్పుకున్న రంగుల అంకెలు బిల్లు వెనక రాసి, మీ పుస్తకంలోనూ రాసుకోండి.

ఏడోది చాదస్తంగా కనబడుతుంది. రెండేళ్లకు అదే కొట్టు రెండో శాఖ తెరిచి ‘అదే రంగు కావాల’ అన్నప్పుడు ఆ అంకెలున్నవాడికే పని వస్తుంది.

ఆ బట్టల కొట్టాయన ఇప్పటికీ నాకే పని ఇస్తాడు. దసరాకు ఒక బ్యానరు, సంక్రాంతికి ఒకటి. డిజైన్ ఫోన్లో పంపితే మాత్రం తెరవడు. కొట్టుకెళ్లి కూర్చుంటే గల్లా పెట్టె మీంచి చెయ్యి చాపుతాడు.

“ముక్క తెచ్చినావా అన్నా?”